దిడ్డివాకిలి పక్క ఇల్లు

జూన్ 4

పెదనాన్నా,

మోకాలు ఎలా ఉంది? ఫోన్ చేస్తే సగం మాటలు నీకు వినబడవు, మిగతా సగానికి వేరే జవాబులు చెబుతావు. మొన్న నేను "మందులు వేసుకుంటున్నావా" అంటే "బెండకాయలా, ఇక్కడ బాగానే దొరుకుతాయి" అన్నావు. వెనక నుంచి వదిన నవ్వు నాకు స్పష్టంగా వినబడింది. అందుకే ఇక ఉత్తరాలే రాద్దామని తీర్మానించాను. నువ్వూ రాయి. ఆపరేషన్ మోకాలికి గానీ చేతికి కాదుగా!

జనానికి కోట చూపించే నడక బాగా సాగుతోంది. పొద్దున పదింటికి పెద్దవాకిలి దగ్గర మొదలుపెట్టి, కందకం వెంట నడిచి, బురుజులెక్కి, సంతవీధిలో దిగి, దిడ్డివాకిలి దగ్గర ముగిస్తున్నాను. నిన్న ఇరవై ఇద్దరొచ్చారు. ఒకాయన మూడో బురుజు మెట్ల దగ్గర ఆగి "లిఫ్టు ఎటువైపండీ?" అని అడిగాడు. "కట్టినవాళ్ళు మరిచిపోయారండీ" అన్నాను. ఆయన నిజమేననుకుని తలూపాడు.

దిడ్డివాకిలి కథ నువ్వు నేర్పినట్టే చెబుతున్నాను. ఎనిమిది నెలలు శత్రుసేన బయట కాచుక్కూర్చున్నా కోట పడలేదనీ, చివరికి ఒక తెల్లవారుజామున లోపలి మనిషే గడియ తీశాడనీ, మనిషి వంగితే గానీ పట్టని ఈ చిన్న వాకిలిలోంచి సేనంతా దూరిందనీ చెప్పి, గొంతు తగ్గించి, మనసులో మూడు లెక్కపెట్టి, చెయ్యి పక్కకి చాస్తాను. "ఇదిగో, ఆ గడియ తీసిన కాపలావాడి ఇల్లు. వాడి వంశం ఇప్పటికీ ఇందులోనే ఉంది." అందరూ ఊపిరి బిగబట్టేస్తారు. పదకొండేళ్ళుగా చెబుతున్నా నాకూ ఒళ్ళు జలదరిస్తుంది.

చిక్కల్లా ఆ ఇంటావిడతోనే. తాళాలు బాగుచేసే ఆవిడ, నీకు తెలుసుగా. ఇన్నాళ్ళూ మేం రాగానే కిటికీ మూసేసుకునేది. నిన్న మాత్రం బకెట్టుడు నీళ్ళు తెచ్చి జనం మీద కుమ్మరించింది. ఒకావిడ ఫోన్ తడిసిపోయింది. తాళాలావిడ నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. ఏం చెయ్యమంటావు?

నీ
పిచిక


జూన్ 12

చిరంజీవి పిచికకు పెదనాన్న ఆశీస్సులు.

ఉత్తరం రాయాలన్న బుద్ధి పుట్టినందుకు సంతోషం. ఇక్కడ నాకు మాట్లాడేవాళ్ళు లేరు. కాలు వంచడం నేర్పడానికి ఒక పిల్ల డాక్టరు వస్తుంది. "తాతగారూ, ఇంకొక్కసారి, ఇంకొక్కసారి" అని పాతికసార్లు వంపిస్తుంది. మాటలతో మనిషిని నడిపించడమెలాగో ఆ పిల్లకీ తెలుసు. మన వృత్తిలోకి వచ్చి ఉంటే రాణించేది.

లిఫ్టు జవాబు బాగుంది. మూడో బురుజు మీద గాలి ఎటునుంచి వీస్తోందో చూసుకుని నిలబడుతున్నావా? గాలికి ఎదురుగా నిలబడితే వెనకవాళ్ళకి మాట అందదు. దిడ్డివాకిలి దగ్గర ఆ బాధ లేదు. అటూ ఇటూ గోడలు, గుసగుసలాడినా సందు మొదటిదాకా పోతుంది.

ఇక ఆ తాళాలావిడ సంగతి. ఆవిడ గుణం నాకు ముప్పై ఏళ్ళ నుంచి తెలుసు. మంచి మాటలతో దారికొచ్చే రకం కాదు. నువ్వు వెళ్ళి మాట్లాడకు, నోటికి తాళం లేని మనిషి. కోట ఆఫీసులో ఒక ఫిర్యాదు రాసి ఇవ్వు. నీళ్ళు పోసిన సంగతి రాసి, ఆ ఇంటి మెట్లు దారికి అడ్డంగా ఉన్నాయనీ, సందర్శకులకు ఇబ్బందిగా ఉందనీ కూడా రాయి. గైడు సంతకం ఉంటే దానికో బరువుంటుంది. నా మాటగా చెప్పు, ఆఫీసరు నాకు తెలిసినవాడే. ఆలస్యం చెయ్యకు.

అన్నయ్య, వదిన నిన్ను అడిగామన్నారు. బెండకాయల సంగతి ఇంట్లో అందరికీ చెప్పేసింది మీ వదిన.

ఆశీస్సులతో
పెదనాన్న


జూన్ 30

పెదనాన్నా,

నువ్వు చెప్పినట్టే ఫిర్యాదు ఇచ్చాను. మన ఆఫీసులో కుర్చీ విరిగిందని రాసిస్తే మార్చడానికి మూడేళ్ళు పట్టింది కదా, ఈ కాగితానికి మాత్రం కాళ్ళొచ్చాయి. తొమ్మిదో రోజున ఆవిడ తలుపు మీద నోటీసు అంటించారు. మెట్ల గురించి కాదు, మొత్తం ఇంటి గురించే! ఇల్లు కోటగోడకు ఆనుకుని ఉందట, హక్కు కాగితం లేదట, నలభై ఐదు రోజుల్లో ఖాళీ చెయ్యాలట. చివర్లో ఆగస్టు 14న విచారణ అని ఉంది. "గైడు ఇచ్చిన ఫిర్యాదు మేరకు" అని మొదటి వాక్యంలోనే రాశారు.

నేను అడిగింది ఇది కాదు పెదనాన్నా. బకెట్టు ఆపమన్నాను, అంతే.

మనసాగక ఆవిడ దగ్గరికి వెళ్ళాను. వద్దన్నావు, అయినా వెళ్ళాను. పదకొండేళ్ళుగా వేలెత్తి చూపిస్తున్న ఇంట్లో అడుగు పెట్టడం అదే మొదటిసారి. ఒకటే గది. గోడ నిండా మేకులకు తాళంచెవులు. కిటికీ కింద బల్ల, దాని మీద ఇత్తడి పొడి. ఆవిడ ఆకురాయితో ఒక తాళంచెవిని రాస్తూనే మాట్లాడింది, తలెత్తలేదు.

"వాడి కూతురివా?"

"తమ్ముడి కూతుర్నండీ. మా నాన్న పోయాక పెదనాన్నే పెంచారు."

"ఈ ఇంటి మాట నీకెవరు నేర్పారు?"

"పెదనాన్నే."

"ఆయనకెవరు నేర్పారో అడిగావా?"

అప్పుడు తనే చెప్పింది. నడక మొదలుపెట్టింది వాళ్ళాయనట. నువ్వు ఆయన వెనక నడిచి నేర్చుకున్నావట. వాళ్ళ మామగారు మునిసిపాలిటీలో దిడ్డివాకిలికి తాళం వేసి తీసే ఉద్యోగి అట, అందుకే ఆ ఇంటికి పట్టా ఇచ్చారట. "యుద్ధం జరిగి ఎన్ని వందల ఏళ్ళయిందే అమ్మాయ్? మేమొచ్చి మూడు తరాలు కాలేదు" అంది. పట్టా వాళ్ళాయన నడక నోటుబుక్కులో ఉండేదట. గోధుమరంగు అట్ట. ఆ పుస్తకం నువ్వు చూసిస్తానని పట్టుకెళ్ళావట.

నాకు ఒళ్ళు మండింది. "మా పెదనాన్న అలాంటి మనిషి కాదు" అని గట్టిగానే చెప్పి వచ్చేశాను. కానీ అలాంటి పుస్తకం ఏదైనా ఉందా? లేదని ఒక్క ముక్క రాయి, ఆవిడ మొహాన చూపించి వస్తాను.

నీ
పిచిక


జూలై 10

చిరంజీవి పిచికకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఉత్తరంలా లేదు, పోలీసు స్టేషన్‌లో అడిగినట్టుంది.

ఆవిడ మాటల వెనక ఏముందో నీకు అర్థం కాలేదు. ఉన్న ఇల్లు పోతోందని ఇప్పుడు నడక మీద హక్కు చెబుతోంది. రేపు "నేనే నడిపిస్తాను, నువ్వు తప్పుకో" అంటుంది. చూస్తూ ఉండు. తాళాలాయన నాతో కొన్నాళ్ళు నడిచిన మాట నిజమే. మంచివాడు. కాకపోతే నాలుగు మెట్లెక్కితే ఆయాసం, నలుగురిలో మాట పెగలదు. ఏదో పుస్తకం ఉండేదేమో. ఇన్నేళ్ళలో ఎన్ని ఇళ్ళు మారాను, ఎన్ని పెట్టెలు చెదలు తిన్నాయి! నాకు గుర్తు లేదు.

నువ్వు ఆవిడ గురించి బెంగపెట్టుకోకు. వీధిలో పడెయ్యరు. ఊరి బయట కొత్త కాలనీలో కింది అంతస్తులో గది ఇస్తారు, కుళాయి లోపలే ఉంటుంది. ఆ చీకటి కొట్టు కన్నా వంద రెట్లు నయం. ఈ వయసులో ఆవిడకి అంతకన్నా ఏం కావాలి?

నీకు ఎనిమిదేళ్ళప్పుడు జ్వరమొస్తే పద్నాలుగు రోజులు నడక మానేసి నీ మంచం పక్కన కూర్చున్నాను. ఆ మనిషిని నువ్వు "ఒక్క ముక్క రాయి" అని అడుగుతున్నావు. సరే, రాశాను. లేదు.

పిల్ల డాక్టరు ఇవాళ నన్ను మెట్లెక్కించింది. పన్నెండు ఎక్కాను.

పెదనాన్న


జూలై 18

పెదనాన్న గారికి,

మీ ఉత్తరం అందింది. కొత్త కాలనీలో కింది అంతస్తు గది, లోపలే కుళాయి అని రాశారు. నేను మీకు ఆ సంగతి రాయలేదు. నాకే తెలియదు. నోటీసులో కూడా లేదు.

అన్నయ్య ఎక్కడో విని చెప్పి ఉంటాడనుకున్నాను. మీకు ఒంట్లో బాగాలేక ఏదో ఊహించి రాశారేమో అని కూడా అనుకున్నాను. రెండు రోజులు ఇలా మీ తరఫున నేనే జవాబులు వెతికాను. మూడో రోజు ఆఫీసుకు వెళ్ళి గుమాస్తాను అడిగాను. ఆయన నేను సంతోషిస్తాననుకుని ఫైలు తెచ్చి నా ముందు పెట్టాడు. "మీ పెదనాన్నగారి చలవేనమ్మా ఇదంతా" అన్నాడు.

ఫైల్లో అన్నిటికన్నా కింద ఉన్నది మీ ఉత్తరం. మే 20 తేదీ. ఆ ఇల్లు తీసేసి అక్కడ సందర్శకుల విశ్రాంతి గది కట్టాలనీ, ఆవిడకి కాలనీలో గది ఇవ్వాలనీ, కట్టే గదికి నడకను ప్రారంభించిన వ్యక్తిగా మీ పేరు పెడితే సముచితంగా ఉంటుందనీ రాశారు. దాని మీద ఆఫీసు జవాబు: ప్రస్తుత గైడు నుంచి ఫిర్యాదు ఉంటేనే చర్య తీసుకోగలమని. దాని మీద నా ఫిర్యాదు. మీరు చెప్పిన మాటలు, నా సంతకం.

నేను బకెట్టు సంగతి రాసినప్పుడు మీరు ఎంత సంబరపడి ఉంటారో ఇప్పుడు అర్థమవుతోంది.

గుమాస్తా టీ తెప్పించాడు. తాగి వచ్చాను. ఎలా తాగానో తెలియదు.

రెండు సంగతులు అడుగుతున్నాను. గడియ తీసినవాడి ఇల్లు అదేనని మీకు ఎవరు చెప్పారు? ఆ పుస్తకం మీ దగ్గర ఉందా?

ఇట్లు
మీ తమ్ముడి కూతురు


జూలై 27

పిచికా,

నన్ను "మీరు" అన్నావు. మాటలొచ్చిన దగ్గర్నుంచి ఎప్పుడూ అనలేదు. ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయి, మిగతాది మధ్యాహ్నం దాకా చదవలేకపోయాను.

విశ్రాంతి గది నా కోసం కాదు. కొంత నా కోసమే, అబద్ధమాడను. కానీ ఎండలో ముగింపు చెప్పి నువ్వు గోడకు జారగిలబడి కూర్చోవడం నేను చూశాను. నీకు నీడ ఉంటుందనుకున్నాను. ఏదో ఒక రోజు నీ పేరు కూడా అక్కడ ఉంటుందనుకున్నాను. నమ్మితే నమ్ము.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, మీ పెద్దమ్మ బతికున్నప్పుడు ఆమెకి కూడా.

నేను బస్టాండులో టికెట్లు చింపే రోజుల్లో తాళాలాయనతో స్నేహమైంది. ఆదివారాలు ఆయన జనాన్ని కోట చుట్టూ తిప్పేవాడు. వెంట నేనూ తిరిగేవాణ్ణి. ప్రతి రాయి గురించీ ఆయనే చెప్పాడు. దిడ్డివాకిలి దగ్గరకు రాగానే, "లోపలి నుంచి ఎవరో గడియ తీశారు. ఊళ్ళో నాలుగు వందల గడపలున్నాయి. ఎవరు తీశారో ఎవరికీ తెలియదు" అని చెప్పి, ఒక నిమిషం ఊరుకునేవాడు. ఏమీ చెప్పేవాడు కాదు. జనం గడియ వైపు చూస్తూ ఉండిపోయేవాళ్ళు. కొందరు ఏడ్చేవాళ్ళు కూడా.

అప్పుడు ఆఫీసు వాళ్ళు ఒకే ఒక గైడు బ్యాడ్జీ ఇస్తామన్నారు. చూడ్డానికి పై నుంచి ఆఫీసరు వచ్చాడు. ఆ రోజు తాళాలాయనకు ఆయాసం ఎక్కువై, "నువ్వు నడిపించు, ఎవరికొచ్చినా ఇద్దరిదీ" అని నోటుబుక్కు నా చేతిలో పెట్టాడు. అంతా బాగానే నడిపాను. దిడ్డివాకిలి దగ్గర ఆయనలాగే ఊరుకున్నాను. ఆయన ఊరుకుంటే నిండుగా ఉండేది, నేను ఊరుకుంటే మాట మరిచిపోయినట్టుంది. ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. చెయ్యి దానంతటదే లేచింది. "ఇదిగో, ఆ గడియ తీసినవాడి ఇల్లు" అన్నాను. ఆఫీసరు చప్పట్లు కొట్టాడు. బ్యాడ్జీ నాకు వచ్చింది.

సరిదిద్దుదామనే అనుకున్నాను. రేపు, రేపు అనుకున్నాను. మర్నాటి నుంచి అందరూ ఆ ఇల్లే అడిగారు. వారం తర్వాత తాళాలాయన కోలుకుని నడకకు వస్తే, గుంపులో ఎవరో "ఈయనది ఆ ఇల్లే కదూ? ఈయన వెనక నడిస్తే ఎటు తీసుకెళ్తాడో!" అని నవ్వాడు. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. మెల్లగా ఇంట్లోకి వెళ్ళిపోయాడు. ఇక ఎప్పుడూ రాలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే కాళ్ళు పట్టుకునేవాణ్ణి పిచికా. ఏమీ అననివాడి మీద ఎంత కోపం పెరుగుతుందో నీకు తెలియదు.

పుస్తకం నా దగ్గరే ఉంది. పట్టా కూడా ఉంది, గుండ్రటి ముద్రతో, ఒక మూల చిరిగింది. కానీ నేనది ఇస్తే ఇన్నేళ్ళూ నేనెవర్ని? నీ బ్యాడ్జీ కూడా పోతుంది, అది ఆలోచించావా? ఆవిడకి మంచి గదే ఇస్తున్నారు. ఇక్కడితో వదిలెయ్యి. చదివాక ఈ ఉత్తరం తగలబెట్టు. నీ మీద నమ్మకంతో రాశాను.

పెదనాన్న


ఆగస్టు 3

పెదనాన్న గారికి,

ఉత్తరం తగలబెట్టలేదు. అగ్గిపెట్టె తీశాను, చేతకాలేదు.

పుస్తకం మీరే ఉంచుకోండి. పేరు ఉంచుకోండి. పట్టా మాత్రం పంపండి. విచారణ పద్నాలుగున. అది ఎవరిచ్చారని అడిగితే పోస్టులో వచ్చిందంటాను. మీ గురించి ఒక్క మాట చెప్పను.

నాలుగు రోజులుగా ఆ ఇల్లు చూపించడం మానేశాను. తాళాలాయనలాగే "ఎవరు తీశారో తెలియదు" అని ఊరుకుంటున్నాను. జనానికి నచ్చడం లేదు. "ఇల్లు చూపించరా? ఫోన్లో చూసిన వీడియోలో ఉందే" అంటున్నారు. ఒకాయన నన్ను వదిలేసి, తనే వేలు చూపించి తన భార్యకు కథంతా చెప్పాడు. నాకన్నా బాగా చెప్పాడు.

ఆవిడ దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. నాకు తెలియక చెప్పానని, క్షమించమని అడిగాను. ఆకురాయి పక్కన పెట్టి మొదటిసారి నా మొహంలోకి చూసింది. "తెలియకపోతే అడగాలి. పదకొండేళ్ళు నా గుమ్మం ముందే నిలబడ్డావు. తలుపు కొట్టడానికి ఎంతసేపు?" అంది. మీ మీద ఎంత కోపం వచ్చినా, ఆ ప్రశ్న నాదే, మీది కాదు.

పట్టా పంపండి. ఇంతకన్నా ఏమీ అడగను.

ఇట్లు
మీ తమ్ముడి కూతురు


ఆగస్టు 9

పిచికా,

నీకు కావలసింది రిజిస్టరు పోస్టులో పంపాను. పన్నెండుకో పదమూడుకో అందుతుంది. సంతకం పెట్టి తీసుకో.

నా ఉత్తరం ఎవరికీ చూపించకు. ఈ ఒక్కసారికి నన్ను నమ్ము, నేనూ నిన్ను నమ్ముతున్నాను.

ఇవాళ కాలు బాగా వాచింది.

పెదనాన్న


ఆగస్టు 24

పెదనాన్న గారికి,

పార్శిలు పదమూడున వచ్చింది. నేను విప్పలేదు. అది వాళ్ళది, ఆవిడే విప్పాలనిపించింది. తిన్నగా తీసుకెళ్ళి ఆవిడ చేతిలో పెట్టి, "పట్టా వచ్చిందండీ" అన్నాను. ఆవిడ దాన్ని చీరకొంగులో చుట్టుకుంది. మర్నాడు ఆఫీసరు ముందే విప్పింది.

నోటుబుక్కు ఉంది. పట్టా లేదు.

ఆవిడ ప్రతి పేజీ తిప్పింది. అట్ట విదిల్చింది. ఆఫీసరు ఓపిగ్గానే కూర్చున్నాడు. నేను పుస్తకం తీసుకుని మళ్ళీ మొదటి నుంచి తిప్పాను. దిడ్డివాకిలి పేజీలో తాళాలాయన చేతిరాతతో ఒకే ఒక వాక్యం ఉంది: "ఇక్కడ ఎవర్నీ అనకూడదు. కాసేపు ఆగాలి." ఆ పేజీ చూశాక కూడా పట్టా మీరెలా తీసి ఉంచుకోగలిగారో నాకు అర్థం కాలేదు. "నీకు కావలసింది పంపాను" అని రాశారు. ఏం పంపారో రాయలేదు. నేనే పట్టా అనుకున్నాను. మీ దగ్గర ఇంత నేర్చుకుని కూడా మీ వాక్యం చదవడం నాకు రాలేదు.

ఆఫీసరు ఆవిణ్ణి నీళ్ళెందుకు పోశావని అడిగాడు. అప్పుడు ఆవిడ చెప్పిన మాట మీరు నాకు రాయలేదు.

"మా ఆయన పోయిన రోజు పొద్దున ఇంకా మంచం మీదే ఉన్నాడు సార్. కబురు పెట్టాను స్నేహితుడని. వస్తాడనుకున్నాను. వచ్చాడు. నలభై మందిని వెంటేసుకుని వచ్చాడు. కిటికీ అవతల నిలబడి, ఇదిగో ఆ గడియ తీసినవాడి ఇల్లు అన్నాడు. అని, వెళ్ళిపోయాడు. ఆ కిటికీ అందుకే మూసేదాన్ని. ఈ మధ్య దాని రెక్క బిగుసుకుపోయి మూతపడట్లేదు. అందుకని నీళ్ళు."



అప్పుడు నా సంచిలోంచి మీ జూలై 27 ఉత్తరం తీశాను. చదివాను. గొంతు తగ్గించలేదు, ఎక్కడా ఆగలేదు. పట్టా నా దగ్గరే ఉంది, గుండ్రటి ముద్రతో, ఒక మూల చిరిగింది అన్నచోట ఆఫీసరు మళ్ళీ చదవమన్నాడు. ఉత్తరం ఫైల్లో పెట్టుకున్నాడు. పట్టా ఉందని దాచినవాడే ఒప్పుకున్నాడు కాబట్టి ఖాళీ చేయించడం ఆపమనీ, నెల లోపల మీరు స్వయంగా తెచ్చి ఇవ్వాలనీ ఉత్తర్వు రాశాడు. ఈ ఉత్తరం కన్నా ముందే అది మీకు అంది ఉంటుంది.

నన్ను నమ్మి రాశారు. నేను నలుగురిలో చదివాను. వేరే ఎవరో చెప్పగా మీకు తెలియకూడదని నేనే రాస్తున్నాను. క్షమించమని అడగను.

తప్పుడు చరిత్ర చెప్పినందుకు బ్యాడ్జీ నేనే బల్ల మీద పెట్టేశాను. వద్దనలేదెవరూ. ఆవిడ నాకంటే ముందే లేచి వెళ్ళిపోయింది. బయట వెతికాను, లేదు.

నేను మానేస్తే నడక ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. నా సెలవుల కోసం నేనే నేర్పిన అమ్మాయికి బ్యాడ్జీ ఇచ్చారు. ఇల్లు చూపించొద్దని చెప్పాను. "జనం అడుగుతున్నారక్కా" అంటుంది. గొంతు తగ్గిస్తుంది, మూడు లెక్కపెడుతుంది, చెయ్యి చాస్తుంది.

అందుకని రోజూ పదకొండున్నరకి నేను వెళ్ళి ఆ గుమ్మం ముందు నిలబడుతున్నాను. ఆ అమ్మాయి చెయ్యి చాచగానే చెబుతున్నాను: "అది మా పెదనాన్న కల్పించిన మాటండీ. పదకొండేళ్ళు నేనూ చెప్పాను." మీ పేరు ఇంటిపేరుతో సహా చెబుతున్నాను. కొందరు నవ్వుతారు, కొందరు ఇది కూడా నడకలో భాగమనుకుంటారు. ఆవిడ లోపల పని చేసుకుంటూ ఉంటుంది. నన్ను లోపలికి పిలవలేదు. పిలవాలని నేను అనుకోవడం లేదు.

ఇక మీరు ఉత్తరం రాయనక్కర్లేదు.

పిచిక


సెప్టెంబరు 9

పిచికా,

రాయొద్దన్నావు. ఇదొక్కటి రాసి ఆపేస్తాను.

నిన్న వచ్చాను. అన్నయ్యతో కాదు, ఒక్కణ్ణే, చేతికర్రతో. ఆఫీసరు చేతికి పట్టా ఇచ్చి రసీదు తీసుకున్నాను. ఆగస్టులో దాన్ని మూడుసార్లు పుస్తకంలో పెట్టాను, మూడుసార్లూ బయటికి తీశాను. ఎందుకని ఆఫీసరు అడగలేదు. కూర్చోమని కూడా అనలేదు.

ఆయన పోయిన రోజు సంగతి నిజమే. కబురు అందింది. ఒంటరిగా ఆ గుమ్మం ముందుకు వెళ్ళే ధైర్యం లేక గుంపుతో వెళ్ళాను. ఆగి, లోపలికి వెళదామనే అనుకున్నాను. అందరూ నా మొహం చూస్తూ నిలబడ్డారు. నోటికి అలవాటైన మాటే వచ్చింది. నీకు అంతా రాశాననుకున్నప్పుడు కూడా ఇది రాయలేకపోయాను.

ఆఫీసు నుంచి తిన్నగా బస్టాండుకు పోదామనుకున్నాను. కాళ్ళు సందులోకి తీసుకెళ్ళాయి. గుంపు వెనక, గోడ పక్కన నిలబడ్డాను. నువ్వు చిక్కిపోయావు. ఆ అమ్మాయి చెయ్యి చాచింది, నువ్వు ముందుకొచ్చావు. నా పేరు చెప్పావు. ఇంటిపేరుతో సహా. నీ గొంతు ఎక్కడా వణకలేదు. తెరిచి ఉన్న కిటికీలోంచి ఆవిడ వీపు కనిపించింది. ఆకురాయి చప్పుడు ఆగలేదు.

నా పక్కన ఒకాయన నిలబడ్డాడు, నా వయసువాడే. నీ మాటలు విని తల అడ్డంగా ఊపి, నా వైపు తిరిగి అడిగాడు.

"ఎంత పని చేశాడండీ! ఆ మనిషి ఇంకా బతికే ఉన్నాడా?"

"పోయాడండీ. చాలా కాలమైంది" అన్నాను.

అక్కడ దాకా వచ్చి, పట్టా ఇచ్చి, అంతా విని, చివరికి ఆ మాట కూడా అబద్ధమే చెప్పాను. నీకు మాత్రం నిజం రాస్తున్నాను.

పెదనాన్న